అక్కా, ఆ పరీక్షలో న్యాయం ఉందా?

మొన్న ఊరికొచ్చినప్పుడు చిత్తూరు గిరింపేటలో మా అమ్మావాళ్ల ఇంటి అరుగు మీద ముగ్గురు పిల్లలు నాకోసం కూర్చుని ఉన్నారు. ఇద్దరికి వీసా స్టాంపింగ్ అయిపోయింది, ఆగస్టులో ప్రయాణం. మూడోవాడు ఇప్పటికే డాలస్‌లో ఎమ్మెస్ చదువుతూ సెలవులకు వచ్చాడు. అమ్మ ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వాడే మొదలుపెట్టాడు. "అక్కా, సీసీఎన్‌ఏ రాసి ఫెయిలైనా. చదివింది ఒకటి, అడిగింది ఇంకోటి. ఫీజుల కోసం కావాలనే తప్పిస్తాండారక్కా. దాంట్లో న్యాయమే లేదు." సీసీఎన్‌ఏ అంటే నెట్‌వర్క్ ఉద్యోగాల కోసం సిస్కో కంపెనీ పెట్టే సర్టిఫికెట్ పరీక్ష.

వాళ్ల నాన్నకు బంగారుపాళ్యం దగ్గర రెండెకరాల తోతాపురి తోట. పరీక్ష ఫీజు 300 డాలర్లు, పన్ను వేరే. మన లెక్కలో పాతికవేల పైమాటే. తప్పితే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు గానీ మళ్లీ పూర్తి ఫీజు కట్టాల్సిందే. మామిడికాయకు ధర లేని ఏడాది ఆ ఇంట్లో ఆ డబ్బు అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే వాడి కోపాన్ని తీసిపారేయలేకపోయాను. ఆ రోజు తిరుపతికి బయల్దేరే తొందరలో సగమే చెప్పాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. పదహారేళ్లుగా అమెరికాలో మన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఇదే.

కష్టంగా ఉండటం వేరు, అన్యాయంగా ఉండటం వేరు. ముందు ఆ రెండింటినీ విడదీసుకోవాలి.

"అడగకూడనిది అడిగారు" అని వాడు చెప్పిన ప్రశ్న లాంటిదే ఒకటి చెప్తాను. రౌటర్‌లో, అంటే డేటా ప్యాకెట్లను దారి చూసి పంపే పెట్టెలో, రెండు దారులున్నాయి. 10.1.0.0/16కి చేత్తో రాసిన స్టాటిక్ రూట్, 10.1.1.0/24కి ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) నేర్చుకున్న రూట్. గీత తర్వాతి అంకె మాస్క్: అది పెద్దదయ్యేకొద్దీ చోటు చిన్నది, చిరునామా వివరమైనది. 10.1.1.5కి పోవాల్సిన ప్యాకెట్ ఏ దారిలో పోతుంది? స్టాటిక్‌కి అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారిని ఎంత నమ్మొచ్చో చెప్పే అంకె, తక్కువైతే ఎక్కువ నమ్మకం) 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110, కాబట్టి స్టాటిక్కే అని వాడు టక్కున చెప్పాడు. తప్పు. డిస్టెన్స్ చూసేది ఒకే నెట్‌వర్క్‌కి, ఒకే మాస్క్‌తో రెండు చోట్ల నుంచి దారి తెలిసినప్పుడు, ఏది రౌటర్ దారుల టేబుల్‌లోకి ఎక్కాలో తేల్చడానికి. ఇక్కడ రెండూ వేర్వేరు రూట్లు, రెండూ టేబుల్‌లో ఉంటాయి. ప్యాకెట్ వచ్చాక రౌటర్ చూసేది ఏది ఎక్కువ వివరంగా సరిపోతుందనే. /24 గెలుస్తుంది. చిత్తూరు పోస్టు అని రాసిన సంచీ ఒకటి, చిత్తూరు గిరింపేట అని రాసిన సంచీ ఒకటి ఉంటే మా అమ్మకు వచ్చిన ఉత్తరాన్ని దేంట్లో వేస్తారు?

ఇందులో మోసం లేదు నాన్నా. ఈ తేడా తెలియని మనిషి చేతికి నేను మా నెట్‌వర్క్ ఇవ్వను. అర్ధరాత్రి లింకు పడిపోయినప్పుడు పనికొచ్చేది సరిగ్గా ఈ తెలివే. సిలబస్‌లో ఐపీ కనెక్టివిటీ (ఈ దారుల విభాగం) ఒక్కదానికే 25 శాతం పెట్టింది అందుకే.

అయితే అన్యాయం అసలు లేదా అంటే, ఉంది. సీసీఎన్‌ఏ రాసేది ఇంగ్లీషులో, లేదంటే జపనీస్‌లో. టెన్త్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడికి 120 నిమిషాల్లో సబ్జెక్టుతో పాటు ఆ వాక్యాలతోనూ కుస్తీ తప్పదు. "ఏ రెండు", "అన్నిటికన్నా ముందు", "ఏది కాదు" అనే చిన్న మాట ఒక్కటి జారితే తెలిసిన జవాబే తప్పుతుంది. ఒక ప్రశ్న దాటితే వెనక్కి రానివ్వరు. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసినవి ముందు రాసి, తెలియనివాటికి తర్వాత తిరిగి రావడమే అలవాటు. ఆ అలవాటు అక్కడ చెల్లదు. ఎన్ని మార్కులకు పాసో సిస్కో ప్రకటించదు. 825 అని అందరూ చెప్పుకునేది వాళ్లు చెప్పిన లెక్క కాదు. తప్పాక చేతికొచ్చే కాగితంలో ఏ విభాగంలో ఎంత శాతమో ఉంటుంది గానీ ఏ ప్రశ్న ఎందుకు తప్పిందో ఉండదు. ప్రశ్నలు బయటికి పోతాయన్న భయం వాళ్లకుంది, ఒప్పుకుంటాను. కానీ 300 డాలర్లు కట్టినవాడికి తన తప్పేంటో తెలుసుకునే హక్కు ఉండాలని నా గట్టి నమ్మకం. ఇలాంటి పరీక్షలే పెట్టే కాంప్‌టియా వాళ్ల నెట్‌వర్క్ ప్లస్‌లో 900కి 720 పాసు అని ముందే చెప్తారు, వెనక్కి వెళ్లి జవాబు దిద్దుకోనిస్తారు. ఒకరికి కుదిరింది ఇంకొకరికి ఎందుకు కుదరదు?

నేనూ ఒకసారి తప్పినదాన్నే. ఏ కంపెనీ పరీక్షో ఇప్పుడు అనవసరం. ల్యాబ్ ప్రశ్న ఒకదాని దగ్గర ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయి, చివర్లో మిగిలినవన్నీ చదవకుండానే నొక్కేశాను. బయటికొచ్చి పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. రెండోసారికి చదివిన పద్ధతి మార్చాను. రోజుకు ఇరవై ప్రశ్నలు తీసుకుని, జవాబులు చూడకుండా, ప్రశ్న ఏమడుగుతోందో తెలుగులో ఒక్క వాక్యం రాసుకునేదాన్ని. మూడు వారాలు అదే పని. ఒక్కో ప్రశ్నకు నిమిషం, నిమిషంన్నర, అంతే. తేలకపోతే తోచింది పెట్టి ముందుకు పోవడమే. దాన్ని మనసులో మోసుకుంటూ పోతే తర్వాతి నాలుగూ పోతాయి.

ఇక డంప్స్ సంగతి, అంటే బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు, జవాబులు. "అందరూ అవే బట్టీ కొడుతున్నారు, నేనొక్కదాన్నే చదివితే నష్టపోనా?" అని అరుగు మీదున్న అమ్మాయి అడిగింది. నష్టపోవమ్మా. పట్టుబడితే మార్కులు రద్దు చేస్తారు, మళ్లీ రాయకుండా నిషేధిస్తారు, అది ఒక సంగతి. నేను కళ్లారా చూసింది ఇంకొకటి. మా టీమ్‌లో ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేస్తున్నాం. తెలుగు అబ్బాయి, రెజ్యూమెలో సీసీఎన్‌ఏ, దాని పై మెట్టు సీసీఎన్‌పీ రెండూ ఉన్నాయి. నాకెంత సంతోషమో! తెర మీద షో ఐపీ రూట్ (రౌటర్ దారుల టేబుల్) పెట్టి, డిఫాల్ట్ రూట్, అంటే ఏ దారీ సరిపోనప్పుడు వాడేది, ఏదో చూపించమన్నాను. చాలాసేపు చూశాడు. 0.0.0.0 కళ్ల ముందే ఉంది. చివరికి "మేడమ్, ఆప్షన్స్ ఇస్తారా?" అని అడిగాడు. పక్కనున్న వాళ్లెవరూ నవ్వలేదు. నాకు మాత్రం గుండె పిండేసినట్టయింది. తర్వాత వచ్చిన తెలుగు పేర్ల రెజ్యూమెలను వాళ్లు ఏ కళ్లతో చూసి ఉంటారో ఆలోచించు. డంప్స్ వల్ల జరిగే పెద్ద అన్యాయం పరీక్షకు కాదు, నిజంగా చదివిన మనవాళ్లకే.

చదువుకోవడానికి డబ్బు అక్కర్లేదు. కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి చూసుకునే ప్యాకెట్ ట్రేసర్, సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ముందుకు పోయాక అలాంటిదే జీఎన్‌ఎస్3 చూడండి.

పేరు విషయంలో మాత్రం జాగ్రత్త. మనలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి, అసలు పేరు గడి ఏదో ఒకటి ఖాళీగా ఉంటుంది. అప్పుడు అమెరికా వీసా మీద మొదటి పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది, ఆ తర్వాత డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే వస్తుంది. పరీక్షకు నమోదు చేసుకునేటప్పుడు మీరు చూపించబోయే కార్డు మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఇవ్వండి. మా తిరుపతి అబ్బాయి ఒకడు పేరు కలవలేదని సెంటర్ గుమ్మం దగ్గరి నుంచే వెనక్కి వచ్చాడు. ఫీజూ పోయింది.

ఇంకొకటి, ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పని చేసుకునే అనుమతి) మొదలయ్యాక చదువుదాంలే అనుకోవద్దు. మొదటి ఏడాది ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం మీద 90 రోజులే. ఆ లెక్క నెత్తి మీద ఉండగా సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలు చేసే లెక్క) తలకెక్కదు. రెండో సెమిస్టర్ సెలవుల్లోనే రాసేయండి. సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది.

ఆ డాలస్ అబ్బాయి నిన్న రాత్రి ఫోటో పంపాడు. ప్యాకెట్ ట్రేసర్‌లో పీసీకి 192.168.10.130, మాస్క్ 255.255.255.192, గేట్‌వే 192.168.10.1 ఇచ్చాడు. గేట్‌వే అంటే పీసీ బయటికి పోయే గుమ్మం, అది పీసీ ఉన్న వీధిలోనే ఉండాలి. "పింగ్ పోలేదక్కా, సాఫ్ట్‌వేర్‌లోనే తప్పుండాదేమో?" అని కింద రాశాడు. జవాబు చెప్పబుద్ధి కాలేదు. "మాస్క్ చూడు నాన్నా, ఆ పీసీ ఏ వీధిలో ఉందో లెక్కేసి చెప్పు" అన్నాను. ఇరవై నిమిషాల తర్వాత ఒకే ఒక్క లైను వచ్చింది: "128 నుంచి మొదలు గదక్కా!"