టెక్ సందేహాలు: బేస్ గిటార్ ర్యాక్‌కు ముందు కరెంటు సంగతి

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు ఒకే వస్తువు చుట్టూ తిరుగుతున్నాయి. పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, చర్చి బ్యాండ్లలో బేస్ గిటార్ వాయించేవాళ్లు మన ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇంతమంది ఉన్నారని నాకూ ఇప్పుడే తెలిసింది. నేను కూడా కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు ఆర్కెస్ట్రాతో తిరిగినవాణ్నే. అందుకే ఈ వారం ఫోన్లు, యాప్‌లు పక్కనపెట్టి ఈ నాలుగింటికే జవాబులు.

ప్రశ్న (నల్గొండ): అన్నా, ఆదివారం చర్చిలో, ముహూర్తాలప్పుడు ఆర్కెస్ట్రాలో బేస్ వాయిస్తా. ట్యూనర్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, కోరస్ అని నాలుగు పెడల్స్ ఉన్నాయి. ప్రతిసారీ విప్పి కలపడానికే అరగంట పడుతోంది. వాటిని అమ్మేసి, 40 వేలలో ర్యాక్ సెటప్ చేసుకుందామనుకుంటున్నా. ఏమేం కొనాలి?

ముందుగా, పెడల్స్ (కాలితో తొక్కి సౌండ్ మార్చుకునే చిన్న డబ్బాలు) అమ్మకండి. మీ బాధ పెడల్స్‌తో కాదు, వైర్లతో. ర్యాక్ అంటే చివరికి ఓ ఇనుప చట్రమే. వైర్లన్నీ ఒకసారి కలిపి, మూత పెట్టి, అలాగే ఆటోలో ఎక్కించుకుపోవడానికి పనికొస్తుంది. అందులో ఏం పెట్టాలన్నది తర్వాతి మాట.

కొలతలు చెప్తాను. ర్యాక్ సామాను ముందుపలక వెడల్పు ప్రపంచమంతటా 19 అంగుళాలు, అంటే 482.6 మిల్లీమీటర్లు. ఎత్తును ‘యూ’ల్లో లెక్కపెడతారు. ఒక యూ 44.45 మిల్లీమీటర్లు. మీకు 6యూ చాలు. సీసీ కెమెరాలు, ఇంటర్నెట్ కనెక్షన్లు బిగించే షాపులో గోడకు వేలాడదీసే నెట్‌వర్క్ ర్యాక్ చూశారా? అదీ ఇదే 19 అంగుళాల కొలతే. మ్యూజిక్ షాపు కోసం హైదరాబాద్ దాకా వెళ్లకుండా దాని పట్టాలు, కేజ్ నట్లు ఇక్కడే కొనుక్కోవచ్చు. అయితే ఆ డబ్బా మొత్తం మాత్రం కొనొద్దు. పలుచటి రేకు, ముందు అద్దం తలుపు. గోడమీద ఉన్నంతకాలం బాగానే ఉంటుంది, దేవరకొండ రోడ్డు మీద రెండు స్పీడ్ బ్రేకర్లు దాటితే అద్దం మిగలదు.

పట్టాలు కొని, వడ్రంగితో ప్లైవుడ్ పెట్టె చేయించుకోవడం మేలు. ఇక్కడ నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేను వడ్రంగికి ‘19 అంగుళాల పెట్టె’ అని చెప్పి వచ్చేశా. ఆయన టేపు పెట్టి సరిగ్గా 19 అంగుళాలకే చేశాడు, బయటి కొలత! లోపల సామాను దూరలేదు. ఆయన తప్పేం లేదు, లోపలి కొలత అని నేను చెప్పలేదు. ఆ పెట్టెలో ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిగడ్డలు పోస్తున్నారు. లోపలి వెడల్పు 485 మిల్లీమీటర్లకు తగ్గొద్దని కాగితం మీద రాసివ్వండి. వీలైతే ఒక యూనిట్‌ను తీసుకెళ్లి ఆయన ముందే పెట్టి చూపించండి. లోతు కొలిచేటప్పుడు యూనిట్ వెనక జాక్‌లు గుచ్చడానికి ఇంకో నాలుగు అంగుళాలు కలపండి. చాలామంది మరచిపోయేది అదే.

ఇక లోపలికి. నాలుగు పెడల్స్‌లో మీరు పాట మధ్యలో కాలితో తొక్కేవి ఎన్ని? ఓవర్‌డ్రైవ్, కోరస్, అంతే కదా. సౌండ్ హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా ఆన్‌లోనే ఉంటుంది. ఎప్పుడూ ఆన్‌లో ఉండేవి ర్యాక్‌లోకి, తొక్కాల్సినవి కాళ్ల దగ్గరికి. ట్యూనర్ కూడా కింద ఉంటేనే మంచిది, దాన్ని తొక్కి సౌండ్ ఆపేసి తీగలు సరిచేసుకోవచ్చు. కాబట్టి సౌండ్ కోసం మీరు కొత్తగా కొనాల్సింది ఒక్క బేస్ ప్రీయాంప్, అంటే గిటార్ సిగ్నల్‌ను పెంచి, సౌండ్‌ను తీర్చిదిద్దే యూనిట్. టెక్ 21 వాళ్ల శాన్స్‌యాంప్ ఆర్‌బీఐ అని 1యూ ప్రీయాంప్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికితే వదలొద్దు. దొరక్కపోతే డీఐ అవుట్‌పుట్ (నేరుగా మిక్సర్‌కు కలిపే జాక్) ఉన్న పెడల్ ప్రీయాంప్ ఏదైనా తీసుకుని ర్యాక్ ట్రేలో స్క్రూలతో బిగించేయండి. పని అదే, పేరు వేరు.

గిటార్ వైరు మొదట ప్రీయాంప్‌కో, కనీసం బఫర్ (సిగ్నల్ నీరసపడకుండా ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్‌కో వెళ్లాలి. కారణం ఉంది. బ్యాటరీ లేని పాసివ్ బేస్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది. దానికి మెగా ఓమ్ లాంటి ఎక్కువ ఇంపెడెన్స్ ఇన్‌పుట్, అంటే సిగ్నల్ మీద తక్కువ భారం వేసేది కావాలి. స్టూడియోల కోసం చేసిన చాలా ర్యాక్ యూనిట్ల లైన్ ఇన్‌పుట్ పది కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది. నేరుగా దానికి గుచ్చితే బక్క ఎద్దుకు నిండు బండి కట్టినట్టే, సౌండ్ పలచబడి, మూతి మూసినట్టు వస్తుంది. పొడవు కేబుల్‌తోనూ ఇదే ఇబ్బంది. ర్యాక్ నుంచి కాళ్ల దాకా ఆరు మీటర్లు, తిరిగి ఆరు మీటర్లు. బఫర్ లేకపోతే అంత పొడవులో మీ వేళ్ల చప్పుడులోని చురుకంతా పోతుంది.

ఓవర్‌డ్రైవ్ గురించి ఒక్కమాట. బేస్‌లో అడుగు తీగ ‘ఈ’ స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. మామూలు గిటార్ కోసం చేసిన ఓవర్‌డ్రైవ్ పెడల్స్ చాలావరకు ఆ అడుగును కోసేస్తాయి. తొక్కగానే గరగర వస్తుంది గానీ డోలు కింద మీరు కనపడకుండా పోతారు. మీ పెడల్‌కు ‘బ్లెండ్’ నాబ్ ఉందేమో చూడండి. ఉంటే శుభ్రమైన సౌండ్‌ను సగం కలపండి. లేకపోతే ఈ ఒక్క పెడల్ మార్చండి. రివర్బ్ అడగలేదు కాబట్టి సంతోషం. మన ఫంక్షన్ హాళ్ల గోడలు ఉచితంగా ఇచ్చేదే ఎక్కువ.

అమరిక: బరువైనది అడుగున. వేడెక్కే యూనిట్ పైన 1యూ ఖాళీ వదలండి. పాలమూరు, నల్గొండల్లో మే నెల మధ్యాహ్నం షామియానా కింద పెట్టె లోపల ఎంత ఉడుకుతుందో వేరే చెప్పాలా? లోపల ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల వయసు, వేడి పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. పెడల్స్‌కు ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరు లాగకుండా, ఒక్కోదానికి విడివిడిగా 9 వోల్టులిచ్చే ఐసొలేటెడ్ పవర్ సప్లై కొనండి. మీ 40 వేలలో ప్రీయాంప్ తర్వాత పెద్ద ఖర్చు దీనికే పెట్టమంటాను. ఎవరికీ కనిపించదు, ఫొటోలో పడదు, కానీ గుయ్యిమనే శబ్దం సగం దీంతోనే పోతుంది.

ప్రశ్న (మహబూబ్‌నగర్): ర్యాక్‌ను సౌండ్ వాళ్ల మిక్సర్‌కు కలపగానే ‘గుయ్’ మని మోత. మా ఎలక్ట్రీషియన్ ప్లగ్గులో లావు పిన్ను తీసేస్తే మోత ఆగింది. ఇలాగే వాడుకోవచ్చా?

వద్దు. ఇవాళే ఆ పిన్ను తిరిగి బిగించండి. ఆ లావు పిన్నే ఎర్త్. లోపల ఫేజ్ వైరు ఊడి రేకుకు తగిలిందనుకోండి. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది. లేకపోతే ఆ కరెంటు మీ గిటార్ తీగల దాకా వచ్చి కూర్చుంటుంది. వేళ్లు తీగల మీద, పెదాలు మైకు మీద ఉన్నప్పుడు దాని దారి మీ గుండె మీదుగానే. దీనికి రాజీ లేదు.

ఇక మోత ఎందుకంటే, మీ ర్యాక్ స్టేజీ దగ్గర ఒక బోర్డు నుంచి, మిక్సర్ హాలు చివర ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. రెండు చోట్లా ఎర్త్ ఉంది, మధ్యలో ఆడియో కేబుల్ షీల్డు వాటిని మళ్లీ కలుపుతోంది. అలా ఓ చుట్టు ఏర్పడి, అందులో పారే చిన్న కరెంటే మన 50 హెర్ట్జ్ మోతగా వినిపిస్తుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. తెంచాల్సింది కరెంటు ఎర్త్‌ను కాదు, ఆడియో షీల్డును. ర్యాక్‌కూ మిక్సర్‌కూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు పెట్టి, దాని మీద ‘గ్రౌండ్ లిఫ్ట్’ మీట నొక్కండి. చాలాసార్లు మోత అక్కడికక్కడే ఆగుతుంది. మీ సామానంతా, స్టేజీ మీది యాంప్‌తో సహా, ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టుకోవడం కూడా అలవాటు చేసుకోండి.

చేతిలో మల్టీమీటర్ ఉంటే ఇంకో పరీక్ష. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల దగ్గర రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించొద్దు. అక్కడ ఇరవై ముప్పై చూపిస్తే షామియానా వాళ్ల లైట్ల మనిషిని పిలిచి సరిచేయించేదాకా ప్లగ్గు పెట్టొద్దు. జనరేటర్ మీద న్యూట్రల్ వదులైతే సింగిల్ ఫేజ్ పాయింట్‌లోకి 230 బదులు దాదాపు 400 దాకా రావచ్చు. జాతరల్లో సామాను కాలిపోవడానికి నేను చూసిన పెద్ద కారణం ఇదే. ‘పవర్ కండిషనర్’ అని ర్యాక్‌లో పెట్టే 1యూ డబ్బాల్లో చాలావరకు దీన్ని ఆపలేవు. అవి చిన్న చిన్న స్పైకులను, కొంత నాయిస్‌ను వడకడతాయంతే. ఫ్రిజ్‌కు వాడే, హై-లో కటాఫ్ ఉన్న స్టెబిలైజర్ ఒకటి ముందు పెట్టుకోండి, అందంగా ఉండకపోయినా.

ప్రశ్న (మిర్యాలగూడ): అమెరికాలో ఉన్న మా బావ సెకండ్ హ్యాండ్ ర్యాక్ కంప్రెసర్ తెస్తున్నాడు. పిన్ను మార్చే ప్లగ్గు కొంటే చాలా?

ఈ ప్రశ్న పాతికేళ్ల కింద నన్ను నేను అడిగి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు చుట్టాలబ్బాయి తెచ్చిన ఎఫెక్ట్ యూనిట్‌కు నేనూ పిన్ను మార్చే ప్లగ్గే కొన్నా. స్విచ్ వేయగానే ‘టప్’. వెనకున్న గాజు ఫ్యూజు లోపల నల్లగా మాడిపోయింది. అంతటితో ఆగితే సరిపోయేది. ఇంకో ఫ్యూజు వేసి మళ్లీ స్విచ్ వేశా. ఈసారి పొగ, కాలిన వార్నిష్ వాసన. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. ఫ్యూజు పోయిందంటే కారణం వెతకమని అర్థమని ఆ రోజు తెలిసింది.

అమెరికా కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌ది 100 వోల్టులు. యూనిట్ వెనక కరెంటు సాకెట్ పక్కన రాసింది చదవండి. ‘100-240’ అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. ‘120’ అని మాత్రమే ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కంప్రెసర్ లాంటి వాటికి వంద వీఏ (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడు కొలత) ఉన్నది ధారాళంగా సరిపోతుంది. ప్రయాణాల్లో హెయిర్ డ్రయ్యర్లకు వాడే తేలిక కన్వర్టర్ మాత్రం వద్దు. కొన్ని యూనిట్లు బయటి అడాప్టర్‌తో నడుస్తాయి. అడాప్టర్ మీద అవుట్‌పుట్ ఏసీయో డీసీయో చూడకుండా ఇక్కడ ఇంకోటి కొనకండి. 9 వోల్టుల ఏసీ అడిగే యూనిట్‌కు 9 వోల్టుల డీసీ పెడితే చాలాసార్లు లైటు కూడా వెలగదు. బావకు ఫోన్ చేసి, ఒరిజినల్ అడాప్టర్ మరచిపోవద్దని ఇప్పుడే చెప్పండి.

ప్రశ్న (వనపర్తి): ఇదంతా లాప్‌టాప్‌లోనే చేయలేమా?

చేయొచ్చు. మంచి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండాలి. బఫర్ (ఇది పెడల్ బఫర్ కాదు, లాప్‌టాప్ ఒక్కోసారి తీసుకునే సౌండ్ ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక వైపు ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు. పోయి రావడం, ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం అన్నీ కలిపి ఏడెనిమిది దాకా వస్తుందనుకోండి. రెండున్నర మీటర్ల దూరంలో స్పీకర్ ఉన్నట్టు లెక్క, వాయించేటప్పుడు ఇబ్బంది అనిపించదు. ఇంట్లో సాధనకు, రికార్డింగుకు నేనూ అదే వాడతా. స్టేజీ మీదైతే వైఫై, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు అన్నీ ఆపుకోండి, ఛార్జర్ నుంచి మోత వస్తోందేమో ముందే విని చూసుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు, స్పీకర్లు మాత్రం దీనికి పనికిరావు. మీరు వాయించింది మీకు వినపడేలోపు డ్రమ్మర్ తర్వాతి దెబ్బ దగ్గరికి వెళ్లిపోతాడు.