కంట్రోల్ రూం కట్టబోతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి చిన్నాకి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన డ్రాయింగ్ చూశాను. ఫోన్‌లో అక్షరాలు కనబడక, కోట జంక్షన్ దగ్గర జిరాక్స్ షాపులో ఏ3 కాగితం మీద ప్రింటు తీయించుకుని మరీ చూశాను. పైడిభీమవరంలో మీ మందుల కంపెనీ కొత్త బ్లాక్‌కి కంట్రోల్ సిస్టం పని నీ చేతిలో పెట్టారంటే మీ అమ్మ కన్నా నేనే ఎక్కువ పొంగిపోయాను. డ్రాయింగ్ మాత్రం నాకు నచ్చలేదురా.

అందంగానే ఉంది. పైన నాలుగు ఆపరేటర్ స్టేషన్లు, వాటి కింద రెండు సర్వర్లు, మధ్యలో ఒక ఎర్ర గీత, ఒక నీలం గీత, అడుగున వాల్వుల్నీ పంపుల్నీ నడిపే కంట్రోలర్ల జత. సేల్స్ వాళ్ల బ్రోచర్‌లో అచ్చం ఇలాగే ఉంటుంది. కానీ ఒక్కో డబ్బా మీద వేలు పెట్టి, "ఇది ఈ నిమిషంలో చచ్చిపోతే ప్లాంట్‌లో ఏమవుతుంది, ఆపరేటర్‌కి ఏం కనబడుతుంది?" అని అడిగి, జవాబు పక్కన పెన్సిల్‌తో రాసినట్టు లేదు. ఆ పని చేశాకే సంతకం పెట్టు.

నేను చేరిన చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ ప్యానెల్ అంతా గాలి మీద నడిచేది. 3 నుంచి 15 పీఎస్ఐ గాలి ఒత్తిడే సిగ్నల్, రాగి గొట్టాలు. ఒక కంట్రోలర్ పాడైతే ఒక్క లూపు, అంటే ఒక కొలత, దాని వాల్వు పోయేది, మిగతావి వాటి పాటికి అవి నడిచేవి. తర్వాత కొన్నిచోట్ల ప్లాంట్ మొత్తాన్ని ఒకే పెద్ద కంప్యూటర్‌కి అప్పజెప్పి చూశారు. అది పడుకుంటే అన్నీ పడుకునేవి. 1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ వచ్చింది ఆ బాధ తప్పించడానికే. పనిని చిన్న చిన్న కంట్రోలర్లకు పంచేశారు, స్క్రీన్‌ని ఒక కిటికీగా మాత్రమే ఉంచారు. కిటికీ మూసుకుపోయినా లోపల వంట ఆగదు. డీసీఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టం)లో మొదటి అక్షరం డిస్ట్రిబ్యూటెడ్ అయింది అందుకే.

నువ్వేమో బ్యాచ్ సీక్వెన్స్, అంటే తయారీలో ఏ అడుగు తర్వాత ఏ అడుగో నడిపించే ప్రోగ్రాం, మొత్తం సర్వర్‌లో పెట్టావు. రియాక్టర్‌లో వేడి పుట్టే రియాక్షన్ నడుస్తుంటే సర్వర్ రీస్టార్ట్ అయిందనుకో. డోసింగ్ వాల్వ్ తెరిచే ఉంటుందా? జాకెట్‌లోకి చల్లనీళ్లు ఎవరు వదులుతారు? రెసిపీలు, రికార్డులు సర్వర్‌లో ఉండనీ. అడుగు తర్వాత అడుగు వేయించే లాజిక్, ఏదైనా తేడా వస్తే డోసింగ్ ఆపి చల్లార్చే లాజిక్ కంట్రోలర్‌లోనే ఉండాలి. ఆ కంట్రోలరే పోతే? అప్పుడు వాల్వుకి సిగ్నల్ పంపే ఔట్‌పుట్ కార్డు చివరి విలువ పట్టుకుని కూర్చోవాలా, సున్నాకి రావాలా అన్నది ఒక్కో వాల్వుకి విడివిడిగా నిర్ణయించుకోవాలి. వాల్వుల్ని కదిపే గాలి పోతే డోసింగ్ వాల్వ్ మూసుకోవాలి, కూలింగ్ వాల్వ్ తెరుచుకోవాలి. దీనికి ప్రాసెస్ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకో. ఒక్కడివీ కూర్చుని తేల్చేది కాదిది. టేబుల్ మీది ఎమర్జెన్సీ బటన్ నుంచి తీగ ఏ పీసీ గుండా వెళ్లకుండా నేరుగా ప్లాంట్‌ని ఆపేసే ట్రిప్ సర్క్యూట్‌కి వెళ్లాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక ఆ ఎర్ర గీత, నీలం గీత. రెండు నెట్‌వర్కులు ఉన్నాయి కాబట్టి ధైర్యంగా ఉన్నావు. నేనూ ఒకప్పుడు అలాగే ఉన్నాను. నేను పనిచేసిన ఒక ఫ్యాక్టరీలో రెండు నెట్‌వర్క్ స్విచ్‌లు, రెండు కేబుళ్లు, అన్నీ జతలే. ఓ రాత్రి రెండున్నరకి ఫోన్. "సార్, అన్నీ ఆగిపోనాయి" అన్నాడు షిఫ్ట్ కుర్రాడు, గొంతు వణుకుతోంది. స్కూటర్ మీద వెళ్లి చూస్తే అన్ని స్క్రీన్ల మీదా అంకెల చోట ప్రశ్నార్థకాలు. ప్లాంట్ నిజానికి తనంతట ఆగలేదు, కంట్రోలర్లు వాటి పని అవి చేసుకుంటూనే ఉన్నాయి. కనబడక భయపడి కుర్రాళ్లే ఎమర్జెన్సీ బటన్ కొట్టేశారు. వాళ్లను తప్పు పట్టను, కళ్లకు గంతలు కడితే ఎవరైనా బండి ఆపుతారు. క్యాబినెట్ తలుపు తీశాను. రెండు స్విచ్‌ల అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో ఉన్నాయి. దాని ప్లగ్గు పీకి, ఆ సాకెట్‌లో ఎవరో సెల్ ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నారు. ఆ అడాప్టర్లు అక్కడ పెట్టించింది నేనే. కమిషనింగ్ రోజున "ఇప్పటికి కానీ, తర్వాత మారుద్దాం" అన్నాను. ఆ తర్వాత అన్నది రెండేళ్లయినా రాలేదు.

అందుకే జత కనబడగానే రెండింటికీ ఉమ్మడిగా ఏముందో వెతుకు. ఒకే ఎంసీబీయా? ఒకే యూపీఎస్సా? రెండు కేబుళ్లూ ఒకే ట్రేలో పోతున్నాయా? ఎలుకకి ఎరుపు, నీలం తేడా తెలీదు. ఒక కేబుల్ తూర్పు వైపు నుంచి, రెండోది పడమర వైపు నుంచి వెయ్యి. రెండు సర్వర్లూ ఒకే ర్యాక్‌లో ఉంటే పైన ఏసీ కారినప్పుడు రెండూ కలిసే తడుస్తాయి. మీది సముద్రానికి దగ్గర చోటు, ఉప్పుగాలి. పైగా సాల్వెంట్ల ఆవిర్లు. కార్డులకు తేమ, ఆవిర్లు తగలకుండా పూసే కన్ఫార్మల్ కోటింగ్ ఉన్నవే అడుగు, కొటేషన్ కాస్త పెరిగినా సరే.

యూపీఎస్ విషయంలో ఒక మాట. అరగంట బ్యాకప్ పెట్టావు. ఆ అరగంట ప్లాంట్ నడపడానికి కాదు, భద్రంగా ఆపడానికి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మన జిల్లాల్లో ఎన్ని ఊళ్లు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో నీకూ తెలుసు. జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఆపరేటర్ ఏం చేయాలన్నది కాగితం మీద రాసి గోడకి అంటించు. ఆ కాగితం చూడ్డానికి ఎమర్జెన్సీ లైటు కూడా ఉండాలి. నవ్వకు, చాలాచోట్ల ఉండదు.

ఇప్పుడు స్క్రీన్లు. కొలతను మోసుకొచ్చే 4–20 మిల్లీ ఆంపియర్ సిగ్నల్ సున్నాతో కాకుండా నాలుగుతో ఎందుకు మొదలవుతుందో కాలేజీలో చదివే ఉంటావు. తీగ తెగితే కరెంటు సున్నా అవుతుంది, అది కొలత కాదని వెంటనే తెలిసిపోతుంది. స్క్రీన్‌కీ అదే తెలివి ఉండాలి. సంబంధం తెగినప్పుడు చివరి అంకె అలాగే నిలబడిపోతే అంతకన్నా పెద్ద అబద్ధం లేదు. 82 డిగ్రీలు అని చూపిస్తూనే ఉంటుంది, లోపల 110 అయిపోతుంది. పాత విలువ రంగు మారాలి. కంట్రోలర్ నుంచి వచ్చే ఒక గడియారం ప్రతి పేజీ మూలా టిక్కుటిక్కుమంటూ ఉండాలి. అది ఆగితే స్క్రీన్ చచ్చిందని కొత్త కుర్రాడికైనా అర్థమవుతుంది.

పేజీలు గీసేటప్పుడు ట్యాంకులకు మెరుపులు, తిరిగే పంపులు పెట్టించకు. విజిటర్లు మెచ్చుకుంటారు, ఆపరేటర్ కళ్లు మండుతాయి. వెనకాల బూడిద రంగు ఉంచి, తేడా ఉన్నచోటే రంగు వెయ్యి. ఏ అంకె పక్కన ఏ అంకె ఉండాలో బాగా ఆలోచించు. 2005లో టెక్సస్ సిటీ రిఫైనరీలో టవర్‌లోకి పోతున్న ఫ్లో ఒక స్క్రీన్‌లో, బయటికి వస్తున్న ఫ్లో ఇంకో స్క్రీన్‌లో ఉన్నాయి. లోపల నిండిపోతోందని తెలియలేదు. పేలుడుకి ఇంకా చాలా కారణాలున్నాయి, అది వాటిలో ఒకటి. 15 మంది పోయారు.

అలారాల సంగతి ఇంకా ఘోరం. 1994లో వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకి ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు పడ్డాయి. మామూలు రోజుల్లో ఒక ఆపరేటర్‌కి సగటున పది నిమిషాలకి ఒకటి మించకూడదని అలారాల కోసమే రాసిన ఈఈఎంయూఏ 191 అనే గైడ్ చెబుతుంది. నీ లిస్టులో ప్రతి ట్యాగ్‌కీ, అంటే ప్రతి కొలతకీ, హై, హైహై, లో, లోలో నాలుగూ పెట్టేశావు. ఒక్కోదాని ఎదురుగా "ఇది మోగితే ఆపరేటర్ ఏం చేయాలి" అని రాయించు. ఏమీ రాయలేనివి తీసెయ్యి. సగం పోతాయని నా అంచనా.

నాలుగు స్టేషన్లు అక్కర్లేదు, మూడు చాలు. ఒకటి చెడినా ఇద్దరు కూర్చోవచ్చు. ఆ డబ్బుతో ఇంజినీరింగ్ స్టేషన్ విడిగా కొని, తాళం ఉన్న గదిలో పెట్టు. ప్రోగ్రాం మార్చే వీలు ఆపరేటర్ టేబుల్ దగ్గర ఉండకూడదు. యూఎస్‌బీ పోర్టులు మూయించు, 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ పెన్‌డ్రైవ్‌లతోనూ పాకింది. ఆఫీసు నెట్‌వర్క్‌కి మధ్యలో ఫైర్‌వాల్ ఉండాలి. మీది మందుల కంపెనీ, అమెరికాకి సరుకు పోతే 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే అక్కడి నిబంధన ప్రకారం ఎవరి లాగిన్ వారిదే. మానిటర్ అంచున పాస్‌వర్డ్ చీటీ అంటించి ఆడిట్‌లో దొరికిపోయిన వాళ్లను చూశాను.

హార్డ్‌డిస్క్ ఇమేజ్ బ్యాకప్ తీయడంతో సరిపెట్టకు. ఖాళీ పీసీ మీద దాన్ని ఎక్కించి, స్టేషన్ లేస్తుందో లేదో చూడు. సాఫ్ట్‌వేర్ నడవడానికి పీసీకి గుచ్చే లైసెన్స్ డాంగిల్‌కి స్పేర్ ఉందా అని కూడా ఆర్డర్ ఇవ్వకముందే అడుగు, తర్వాత అడిగితే రేటు వేరేగా ఉంటుంది.

సిస్టం పంపేముందు జరిగే ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్టుకి అమ్మేవాళ్లు పుణేనో బెంగళూరో పిలుస్తారు. మంచి హోటల్లో దించి, మధ్యాహ్నానికే సంతకం చేయమంటారు. నువ్వు కాగితాలు తర్వాత చూద్దామని, పవర్ కేబుళ్లు ఒక్కోటి పీకు. నడుస్తున్న కంట్రోలర్‌ని లాగెయ్యి, రెండోది ఎంతసేపట్లో అందుకుందో, వాల్వ్ ఔట్‌పుట్ కదిలిందో లేదో చూడు. వాళ్ల ఇంజినీరు ముఖం మాడుస్తాడు, పట్టించుకోకు. వెళ్లేటప్పుడు మీ నైట్ షిఫ్ట్ కుర్రాళ్లలో ఒకణ్ణి వెంట తీసుకెళ్లు. పేజీల మధ్య ఎన్ని క్లిక్కులు నొక్కాల్సి వస్తోందో నీకంటే వాడే ముందు పట్టుకుంటాడు.

ఆదివారం వస్తానన్నావుగా. ఐఓ లిస్టు (వచ్చే, పోయే సిగ్నళ్ల జాబితా), పవర్ డిస్ట్రిబ్యూషన్ డ్రాయింగ్ రెండూ ప్రింటు తీసుకురా, ఫోన్‌లో చూపిస్తే చూడను. పెన్సిళ్లు నా దగ్గరున్నాయి.

ఇట్లు,
మావయ్య