వీఆర్ కోర్సా, మెకానికలా? ఎర్రగుంట్ల తండ్రికి జవాబు

ప్రశ్న: నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో 22 ఏళ్లుగా పని చేస్తున్నాను. ఈమధ్య మా ప్లాంటులో సేఫ్టీ ట్రైనింగ్ అని కళ్లకు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ పెట్టి ప్రీహీటర్ పైకి, అంటే బట్టీలోకి పోయే ముందు రాతిపొడిని కాచే ఎత్తైన టవర్ పైకి, ఎక్కించినట్టు చూపించారు. నిజంగా అంత ఎత్తులో ఉన్నట్టే కాళ్లు వణికాయి. అందులో పొడి దిగే గరాటు లాంటి సైక్లోన్‌లో జామ్ తీసే మనిషిని రంధ్రానికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు, అది చూసి మేమంతా నవ్వుకున్నాం, అది వేరే సంగతి. ఇక ముందు ఫ్యాక్టరీల్లో, కాలేజీల్లో ట్రైనింగంతా ఇట్లాగే ఉంటుందని వచ్చినవాళ్లు చెప్పారు. మావాడికి ఇంటర్ అయిపోయింది. వాడి ర్యాంకుకు అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్ రావచ్చంటున్నారు. బెంగళూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీలో వీఆర్ స్పెషలైజేషన్‌తో కంప్యూటర్ సైన్స్ ఉంది. ఏడాదికి రెండున్నర లక్షలు, హాస్టల్ వేరే. రెండెకరాల శనగ చేను తాకట్టు పెట్టి చేర్పిద్దామనుకుంటున్నా. వాడికి గేములంటే పిచ్చి. మెకానికల్ చదివితే నాలాగే దుమ్ములో పడతాడు. ఏది మేలో రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అన్నా, పోల్చమన్నారు, పోలుస్తాను. అంతకంటే ముందు మీరు ‘వేరే సంగతి’ అని పక్కన పెట్టేసిన ఆ నవ్వు గురించి మాట్లాడాలి.

ఈ జిల్లాలో పిల్లల చదువుల గురించి చెప్పే కుర్చీలో ఇన్నేళ్లు కూర్చుంటే, తండ్రులు చేసే పనులు కూడా కొంత తెలిసిపోతాయి. ప్రీహీటర్ కింది సైక్లోన్లలో రాతిపొడి 800 డిగ్రీల దాకా కాగి ఉంటుందని, జామ్ అయినప్పుడు రాడ్డుతో పొడిస్తే ఏ క్షణాన విడిపోతుందో తెలియదని, విడిపోతే ఆ పొడి నీళ్లలాగా ఎదురుగా ఎగజిమ్ముతుందని మీలాంటివాళ్లే నాకు చెప్పారు. అందుకే పక్కకు నిలబడి పొడుస్తారు. ఒకేసారి రెండు రంధ్రాలు తెరవరు. కింది అంతస్తుల్లో మనిషి లేడని చూసుకున్నాకే మొదలుపెడతారు. ఆ సంగతి మీకు తెలుసు కాబట్టి నవ్వారు. ఆ బొమ్మ తయారు చేసిన కుర్రవాడికి తెలియదు. వాడికి సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు. రెయిలింగు మీద తుప్పు కూడా అచ్చం దించి ఉంటాడు. కానీ ప్రీహీటర్ మెట్లు ఎప్పుడూ ఎక్కి ఉండడు. డబ్బు తీసుకుని ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన మనిషి మీచేత ప్రాణం తీసే తప్పు చేయించబోయాడు. ఆ తప్పు పట్టుకున్నది ఇంజనీరింగ్ చదవని మీరు.

ఆ వీఆర్ పరిశ్రమలో కొరత ఎవరికి ఉందో దీన్నిబట్టి చూడండి. హెడ్‌సెట్‌లో బొమ్మలు కదిలించేవాళ్లకు అంత కొరత లేదు. ఏ బొమ్మ ఎలా కదలాలో, మనిషి ఏ తప్పు చేస్తే ఏం జరగాలో చెప్పగలిగే వాళ్లే దొరకడం లేదు.

ఇది ఈనాటి మాట కూడా కాదు. విమానం నడపడం నేల మీదే నేర్పే పెట్టెను 1929లో తయారు చేసిన ఎడ్విన్ లింక్ అమెరికాలో పియానోలు, ఆర్గన్లు తయారు చేసే కుటుంబంలో పెరిగినవాడు. హార్మోనియంలో తిత్తి ఉంటుంది చూడండి, ఆర్గన్‌లో ఉండే అలాంటి తిత్తులతోనే ఆయన ఆ పెట్టెను అటూ ఇటూ వంగేట్టు చేశాడు. తిత్తుల పని ఇంట్లో నేర్చుకున్నాడు, విమానం నడపడం డబ్బు కట్టి నేర్చుకున్నాడు, రెండూ కలిపాడు. మొదట్లో సైన్యం పట్టించుకోలేదు, వినోదాల పార్కుల్లో ఆట వస్తువుగా అమ్ముడుపోయింది. 1934లో ఎయిర్ మెయిల్ మోసే పని సైన్యానికి అప్పగించాక మబ్బుల్లో, చీకట్లో పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు కొన్నారు, ఆరు పెట్టెలు.

వీఆర్ శిక్షణ పనికిరాదని నేను అనడం లేదు. నిజంగా చేయించి నేర్పడం ప్రమాదమైన చోట, మళ్లీ మళ్లీ చేయించడానికి డబ్బు చాలని చోట అది మంచి పనిముట్టు. మీ ప్రీహీటర్ అలాంటిదే. ఆపరేషన్ థియేటర్ కూడా అంతే. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు సర్జరీ నేర్చుకుంటున్న 16 మంది డాక్టర్లలో సగం మందికి సిమ్యులేటర్ (అసలు పనిలాగే ఉత్తుత్తిగా చేయించే యంత్రం) మీద సాధన చేయించి, తర్వాత అందరిచేతా పిత్తాశయం ఆపరేషన్ చేయించారు. 2002లో అచ్చైన ఫలితం ఇది: సాధన చేసినవాళ్లు పిత్తాశయాన్ని వేరుచేసే పని 29 శాతం త్వరగా ముగించారు. చేయనివాళ్లు దాన్ని గాయపరచడమో, పక్క కండను కాల్చడమో జరిగే అవకాశం ఐదింతలు ఎక్కువగా కనబడింది. కాలేజీల బ్రోచర్లు ఈ లెక్క చెప్పి పక్కన హెడ్‌సెట్ ఫోటో వేస్తాయి. ఆ సిమ్యులేటర్‌లో హెడ్‌సెట్టే లేదు! ఒక కంప్యూటర్ తెర, లాపరోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌లో, పట్టుకునే లాంటి రెండు పిడులు, అంతే. ఏ కదలికను సాధన చేయించాలో సర్జన్లు తేల్చి చెప్పారు కాబట్టి అది పని చేసింది.

హెడ్‌సెట్‌కు చేతకానివీ ఉన్నాయి. మీరు చేతిలో రాడ్డు పట్టుకున్నట్టు చూపిస్తుంది గానీ దాని బరువు చూపించలేదు. వేడి తెలియదు. నట్టు ఎంత బిగిస్తే చాలో మణికట్టుకు తెలియాలి, చేతిలోని కంట్రోలర్ గుర్రుమని వణకడం తప్ప అది ఇంకేమీ చెప్పదు. కొందరికి పది నిమిషాల్లో కడుపులో తిప్పుతుంది, నడుస్తున్నావని కన్ను చెప్తుంటే కూర్చున్నావని చెవి లోపలి భాగం చెప్తుంది కాబట్టి. వీఆర్‌లో నేర్చుకున్నవాడికి చివరికి చేయి పట్టి చూపించే పాత మనిషి ఒకడు కావాల్సిందే.

ఇప్పుడు ఆ స్పెషలైజేషన్ గురించి. నా అనుమానాలు దాచుకోకుండా చెప్తాను.

2000ల మొదట్లో బయోటెక్నాలజీ గాలి వీచింది. అప్పుడు చేర్పించిన తండ్రులు కొందరు తర్వాత నా దగ్గరికొచ్చి, పిల్లాడిని బీఈడీ చేయించాలా, బ్యాంకు కోచింగ్‌కు పంపాలా అని అడిగారు. బయోటెక్నాలజీ చెడ్డదని కాదు, అది ఈ రోజుకూ గొప్ప శాస్త్రమే. గాలిని చూసి చేరినవాళ్లే దెబ్బతిన్నారు. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరు మెటా అని మార్చుకున్నాక ఇలాంటి గాలే మళ్లీ మొదలైంది, మెటావర్స్ అని, హెడ్‌సెట్ పెట్టుకుని తిరిగే కంప్యూటర్ లోకం అన్నమాట. ఆ కంపెనీ వీఆర్ విభాగానికి 2022లో 1,370 కోట్ల డాలర్లు, 2023లో 1,610 కోట్ల డాలర్లు నష్టం వచ్చింది. వాళ్లు ఓర్చుకోగలరు. శనగ చేను ఓర్చుకోలేదు.

వస్తువులు ఎంతకాలం నిలుస్తాయో కూడా చూడండి. గూగుల్ వాళ్ల అట్ట డబ్బా హెడ్‌సెట్ కార్డ్‌బోర్డ్ 2014లో వచ్చింది, 2021లో అమ్మకం ఆపేశారు. ఫ్యాక్టరీల కోసమే అన్నట్టు చూపించిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ హెడ్‌సెట్ తయారీ 2024లో ఆగిపోయింది. బీటెక్ నాలుగేళ్లు. మొదటి ఏడాది మీవాడు నేర్చుకున్న పరికరం చివరి ఏడాదికి అంగట్లో ఉంటుందన్న నమ్మకం ఎవరిస్తారు? మారకుండా ఉండేవి లెక్కలు, ప్రోగ్రామింగ్, యంత్రం ఎలా పని చేస్తుందన్న జ్ఞానం. అవి స్పెషలైజేషన్ పేరు పెట్టకుండానే దొరుకుతాయి.

ఒక కాలేజీ పిలిస్తే పోయి వీఆర్ ల్యాబ్ చూశాను. పేరు చెప్పను. గోడంతా నీలం రంగు బొమ్మలు, హెడ్‌సెట్లు మాత్రం బీరువాలో. తాళం హెచ్‌ఓడీ దగ్గర, ఆయన ఆరోజు సెలవు. మూడో ఏడాది పిల్లవాడిని ‘ఎన్నిసార్లు పెట్టుకున్నావు నాయనా’ అని అడిగితే, ‘ఇన్‌స్పెక్షన్ రోజు ఒకసారి మేడమ్’ అన్నాడు. అన్నిచోట్లా ఇలాగే ఉంటుందని అనను. మీరు చూడబోయే కాలేజీకి పోయినప్పుడు ప్రిన్సిపాల్‌ను అడగొద్దు, చివరి ఏడాది పిల్లలు టీ తాగే చోట నిలబడి వాళ్లను అడగండి.

గేముల మాటకొస్తే, గేములంటే పిచ్చి ఉన్నవాడు గేము తయారు చేస్తాడన్న లెక్క నాకు ప్రతి జూన్‌లోనూ వినబడుతుంది. ప్రొద్దుటూరులో రోజుకో సినిమా చూసేవాళ్లున్నారు, వాళ్లెవరూ కెమెరా పట్టుకోలేదు. ఆడటం ఒకటి, తలుపు పిడి తిప్పితే తలుపు తెరుచుకోవడానికి వంద లైన్ల కోడ్ రాసి, అది తిరగబడితే రాత్రంతా కూర్చుని తప్పు వెతకడం ఇంకొకటి. మీవాడిలో ఆ రెండోది ఉందో లేదో మీ ఉత్తరంలో లేదు. అసలు మీవాడే మీ ఉత్తరంలో లేడు.

దీనికి కోప్పడక తప్పదు. ఫీజు రాశారు, చేను రాశారు, ర్యాంకు రాశారు. కొడుకు ఏమంటున్నాడో ఒక్క ముక్క రాయలేదు. దుమ్ము మాత్రం రాశారు. మీరు అడుగుతున్నది కాలేజీ సంగతి కాదని నాకు అక్కడే తెలిసింది. 22 ఏళ్లు సిమెంటు దుమ్ములో తడిసి, ఇంటికొచ్చి బయటే చొక్కా విప్పి లోపలికి వచ్చే మనిషికి, కొడుకు ఏసీ గదిలో కూర్చోవాలని ఉండటం తప్పు కాదు. ఎవరికి ఉండదు? కానీ ఆ కోరికతో మీ పనిని మీరే చులకన చేసి ఇంట్లో మాట్లాడుతున్నారు. మీరు చేసే పని ఏమిటో కొడుక్కు ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పారా? ఆ సైక్లోన్ నవ్వు సంగతి వాడికి చెప్పారా? నాకు చెప్పారు గానీ వాడికి చెప్పి ఉండరని నా అనుమానం.

మెకానికల్ చదివినవాడు దుమ్ములోనే పడతాడన్నది కూడా మీ భయమే. డిజైన్, కంట్రోల్ రూమ్, మెయింటెనెన్స్ ప్లానింగ్, సేఫ్టీ, ఇవన్నీ మెకానికల్ వాళ్ల బతుకుతెరువులే. దుమ్ములో కొన్నాళ్లు నిలబడాల్సి రావచ్చు, నిజమే. క్యాంపస్ ఉద్యోగాలు కంప్యూటర్ సైన్స్ వాళ్లకు వచ్చినన్ని రావు, మొదటి జీతం చూసి మీకు నిరాశ కలగవచ్చు, అదీ నిజమే. చాలామంది మెకానికల్ పిల్లలు చివరికి సాఫ్ట్‌వేర్‌కు పోతారు, పోయి బాగానే ఉన్నారు. దారి మూసుకుపోదన్నా. మీరు రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆలోచించేంత ప్రమాదంలో మీ అబ్బాయి లేడు. ప్రభుత్వ కాలేజీలో ఇంజనీరింగ్ సీటు వచ్చేంత ర్యాంకు తెచ్చుకున్న పిల్లవాడు ఎక్కడ పడ్డా లేచి నిలబడతాడు.

పోలిక మాట ఇచ్చాను కదా. అనంతపురం కాలేజీ 1946 నాటిది, ఫీజు మీ జీతానికి అందుతుంది, చేను మీదే ఉంటుంది, యంత్రాల పునాది దొరుకుతుంది, వీఆర్ మాత్రం వాడే సొంతంగా నేర్చుకోవాలి. బెంగళూరు కాలేజీలో దొరికేది ప్రధానంగా కంప్యూటర్ సైన్స్, దాని మీద కొన్ని వీఆర్ సబ్జెక్టులు. ఇంటర్న్‌షిప్‌లకు బెంగళూరు దగ్గర, అది మంచి మాటే. నాలుగేళ్లకు ఫీజే పది లక్షలు, దానిపై హాస్టల్, వడ్డీ. వాడికి కోడింగే ఇష్టమైతే, పేరులో తోక లేని మామూలు కంప్యూటర్ సైన్స్ తక్కువ ఫీజులో మన జిల్లాల్లోనే వెతకండి. చేను తాకట్టు పెట్టి ఆ తోక కొనడం మాత్రం నేను ఒప్పుకోను.

సొంతంగా నేర్చుకోవడం ఎలాగంటారేమో. వీఆర్ తయారు చేసే యూనిటీ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవాళ్లకు ఉచితం. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అందరికీ ఉచితం. ఆక్యులస్ హెడ్‌సెట్ తొలి రోజుల్లో ఆ కంపెనీలో శాస్త్రవేత్తగా పని చేసిన స్టీవ్ లావెల్ ఐఐటీ మద్రాసులో చెప్పిన వీఆర్ పాఠాలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి, పైసా కట్టక్కర్లేదు. మెకానికల్ వాడికి ఇక్కడ ఒక లాభం కూడా ఉంది: ఫ్యాక్టరీ ట్రైనింగ్‌కు కావలసిన యంత్రాల బొమ్మలు ముందు క్యాడ్‌లో, అంటే కంప్యూటర్‌లో డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్‌లో, పుడతాయి, వాటిని హెడ్‌సెట్ మోయగలిగేంత తేలిక చేయాలి. ఏ భాగం తీసేస్తే నష్టం లేదో, ఏది తీయకూడదో యంత్రం తెలిసినవాడే చెప్పగలడు.

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా రోజులున్నాయి కాబట్టి ఒక పని చేయండి. బ్లెండర్ వేయించి, మీ చేనులో బోరు మోటారు స్టార్టర్ పెట్టె ఉంటుంది కదా, దాన్ని కంప్యూటర్‌లో తయారు చేయమనండి. మూత తెరిస్తే లోపలి భాగాలు కనబడాలి. పది రోజులు గడువు. మూడో రోజుకే వదిలేసి ఫోన్ పట్టుకున్నాడంటే ఒక సంగతి తేలినట్టే. పదో రోజు రాత్రి కూడా అన్నం చల్లారబెట్టుకుని కూర్చున్నాడంటే మళ్లీ నాకు రాయండి, అప్పుడు ఇంకోలా మాట్లాడుకుందాం. ఈసారి ఉత్తరం వాడినే రాయమనండి.

బొమ్మ నాకు పంపే ముందు మీరొకసారి చూడండి. ఎర్ర బటనూ పచ్చ బటనూ తారుమారు చేసి ఉంటాడు.