మోడల్ బాగానే వచ్చింది, మరి డ్రాయింగ్?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, మూడు నెలలు సాలిడ్‌వర్క్స్ అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాడు. బైక్ ఇంజిన్ మొత్తం త్రీడీలో చేసి చూపిస్తే మేమే ఆశ్చర్యపోయాం. అయినా మూడు ఇంటర్వ్యూల్లో తీసుకోలేదు. 'డ్రాయింగ్ ఇవ్వమంటే సరిగ్గా ఇవ్వలేకపోయాను నాన్నా' అంటున్నాడు. ఇప్పుడు 40 వేలు కట్టి క్యాటియా అనే ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటాడట. కట్టమంటారా? ఈ పనులన్నీ ఇక ఏఐ చేసేస్తుందని కూడా అంటున్నారు. టెన్షన్‌గా ఉంది. (ఒక తండ్రి, జనగామ)

జవాబు: ఆ 40 వేలు ఇప్పుడే కట్టకండి. ఎక్కడ ఆగిపోయాడో మీ అబ్బాయే చెప్పాడు, ముందు అక్కడే సరిచేసుకుందాం. త్రీడీ మోడల్ నుంచి డ్రాయింగ్, అంటే షాపులో చూసి తయారు చేసే కొలతల బొమ్మ, తీయడం రాకుండా క్యాటియా నేర్చుకున్నా, నాలుగో ఇంటర్వ్యూలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

కంపెనీలు డ్రాయింగ్ మీద ఎందుకంత పట్టుబడతాయో తెలియాలంటే హైదరాబాద్‌లో బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో ఒక మెషిన్ షాపుకి వెళ్లి చూడాలి. లేత్ పక్కన నూనె మరకలతో ఒక ఎ3 కాగితం అంటించి ఉంటుంది. లేత్ నడిపే టర్నర్ దాన్ని చూసే ముక్క చేస్తాడు, ఇన్‌స్పెక్షన్‌లో దాన్ని పక్కన పెట్టుకునే కొలుస్తారు. కొలత తప్పిందా లేదా అన్న తగువు వచ్చినా ఆ కాగితమే తేలుస్తుంది. మీ అబ్బాయి చేసిన ఇంజిన్ ఎంత అందంగా తిరిగినా, దాన్ని ఆ కాగితం మీదికి దించినప్పుడే అది తయారయ్యే వస్తువు అవుతుంది.

దించడంలో సాఫ్ట్‌వేర్ చేసే భాగం చాలా తేలిక. సాలిడ్‌వర్క్స్‌లో మోడల్ తెరిచి డ్రాయింగ్ షీట్ తీసుకుంటే ఫ్రంట్, టాప్, సైడ్ వ్యూలు క్లిక్కుల్లో వచ్చేస్తాయి. ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనూ దీనికి వ్యూబేస్, ఫ్లాట్‌షాట్ కమాండ్లు ఉన్నాయి. ఇదంతా ఒక పూటలో వస్తుంది. అసలు పని ఆ తర్వాతే. ఏ వ్యూలు కావాలి, లోపలి భాగం కనిపించేలా ఎక్కడ సెక్షన్ కోయాలి, కొలతలు ఏ అంచు నుంచి ఇవ్వాలి, ఎంత తేడాని ఒప్పుకోవాలి... ఇవి మనిషి నిర్ణయించాలి.

ఒక షాఫ్ట్, అది తిరిగే బుష్ (రంధ్రం ఉన్న గొట్టం లాంటి ముక్క) తీసుకోండి. మోడల్‌లో రెండూ 25 మిల్లీమీటర్లే, స్క్రీన్ మీద చక్కగా అమరిపోతాయి. డ్రాయింగ్‌లో కూడా 25 అనే రాసి పంపితే, షాపులో ఒకరు 25.05 తిప్పుతారు, ఇంకొకరు 24.9 తిప్పుతారు. ఒకటి లోపలికే పోదు, ఇంకొకటి వదులుగా ఆడుతుంది. తెలిసినవాళ్లు బుష్ రంధ్రానికి 25 హెచ్7 అని, షాఫ్ట్‌కి 25 జి6 అని రాస్తారు. అంటే రంధ్రం 25.000 నుంచి 25.021 దాకా, షాఫ్ట్ 24.980 నుంచి 24.993 దాకా ఉండొచ్చు. అప్పుడు ఏ షాఫ్ట్ తీసుకుని ఏ బుష్‌లో పెట్టినా తిరుగుతుంది. అలాగని ప్రతి కొలతకీ ఇంత బిగుతు పెడితే గ్రైండింగ్ ఖర్చు పెరిగిపోతుంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లు చూసేది ఈ తెలివినే.

షీట్ మెటల్‌లో ఇంకా బాగా తెలుస్తుంది. 2 మి.మీ. రేకుతో బయటి కొలతలు 50, 30 ఉండే ఎల్ బ్రాకెట్ చేయాలి, వంపు లోపలి రేడియస్ 2. విప్పి పరిస్తే రేకు పొడవెంత? చాలామంది పిల్లలు 80 అంటారు. వంపులో రేకు పొడవు లెక్కకట్టడానికి వాడే కె-ఫ్యాక్టర్ అనే అంకె 0.44 అనుకుంటే వచ్చేది దాదాపు 76.5. లేజర్ కటింగ్‌కి 80 పంపితే బ్రాకెట్ మూడున్నర మి.మీ. పెద్దదవుతుంది. ఆ కె-ఫ్యాక్టర్ కూడా రేకుని బట్టి, వంచే టూల్‌ని బట్టి మారుతుంది. మా షాపులో ఎంత వాడతారో రేకు వంచే ప్రెస్ బ్రేక్ మెషిన్ ఆపరేటర్ని అడిగి తెలుసుకునేవాళ్లం.

నేను డిజైన్ సెక్షన్‌లో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్తాను. అమెరికా కస్టమర్ పంపిన డ్రాయింగ్ థర్డ్ యాంగిల్‌లో ఉంది, అది కాగితం మీద వ్యూలని అమర్చే ఒక పద్ధతి. మన దగ్గర కాలేజీల్లో నేర్పేది, షాపుల్లో అలవాటైనది ఫస్ట్ యాంగిల్. థర్డ్ యాంగిల్‌లో ముక్కని కుడివైపు నుంచి చూసిన వ్యూ కుడివైపే ఉంటుంది, ఫస్ట్ యాంగిల్‌లో అది ఎడమవైపు వస్తుంది. డ్రాయింగ్ వివరాలు రాసే గడి, టైటిల్ బ్లాక్‌లో, ఏ పద్ధతో చెప్పే చిన్న గుర్తుని నేను చూడలేదు. 40 ముక్కలు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చాయి, అన్నీ స్క్రాప్‌కి పోయాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ ఏ డ్రాయింగ్ చేతికొచ్చినా ముందు ఆ గుర్తే చూస్తాను. మీ అబ్బాయికి కూడా ఆ అలవాటు చేయించండి.

ఏఐ సంగతి. వ్యూలు పెట్టడం, కొలతలు వరసగా దింపడం ఇప్పటికే చాలావరకు సాఫ్ట్‌వేర్ చేస్తోంది, ఇంకా చేస్తుంది. పెద్ద కంపెనీల్లో కొలతలు, టాలరెన్సులు (ఒప్పుకునే తేడాలు) నేరుగా మోడల్‌లోనే రాసే పద్ధతి కూడా ఉంది, దానికి 2003లోనే ఒక అమెరికన్ ప్రమాణం వచ్చింది. కాగితం తగ్గొచ్చు. కానీ హెచ్7 ఎక్కడ పెట్టాలో తెలిసినవాడి అవసరం ఆ పద్ధతిలోనూ అంతే ఉంటుంది. కేవలం గీతలు గీయడమే వచ్చినవాళ్లకి మాత్రం కష్టకాలమే, అది దాచను.

ఇక ఏం చేయాలి. సాలిడ్‌వర్క్స్ లైసెన్స్ అయిపోయి ఉంటే ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో టెక్‌డ్రా అనే విభాగం డ్రాయింగుల కోసమే. అబ్బాయికి సన్నని కొలతలు తీసే ఒక మంచి వెర్నియర్ కొనివ్వండి. ఇంట్లో పాత కుళాయి, సైకిల్ పెడల్, పొలం మోటారు పంపు ఫ్లాంజ్, ఏది దొరికితే అది విప్పి, కొలిచి, మోడల్ చేసి, డ్రాయింగ్ తీయాలి. వారానికి ఒకటి, పది వారాలు. భారత ప్రమాణాల సంస్థ పుస్తకం ఎస్‌పి 46 పక్కన ఉండాలి, ఏ గీత ఎలా ఉండాలో అందులో ఉంటుంది. డిప్లొమా మొదటి ఏడాది డ్రాయింగ్ నోట్సు కూడా అటక మీంచి దించమనండి.

దీంతోపాటు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పథకం నాట్స్ పోర్టల్‌లో అప్రెంటిస్‌షిప్‌కి పేరు నమోదు చేయించండి. డిప్లొమా వాళ్లకి ఏడాది శిక్షణ, స్టైపెండ్ ఉంటుంది. కంపెనీ ఎంచుకునేటప్పుడు ఏసీ గది చూడొద్దు, షాప్ ఫ్లోర్ ఉన్న చోటు చూసుకోమనండి. కోర్సే చేయాలనుకుంటే బాలానగర్‌లోని సీఐటీడీ ఉంది, 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ. క్యాటియా అక్కర వస్తే చేరిన కంపెనీ పనిలోనే నేర్చుకోవచ్చు, ఒకటి బాగా వచ్చినవాడికి రెండోది త్వరగానే పట్టుబడుతుంది.

పది డ్రాయింగులు అయ్యాక వాటిలో ఒకటి ఎ3 మీద ప్రింట్ తీసి, మీ ఊళ్లో లేత్ షాపు పెట్టుకున్నాయన దగ్గరికి పంపండి. ముక్క తయారు చేయించుకోడానికి డబ్బులివ్వండి, నోటితో మాత్రం ఏమీ చెప్పొద్దనండి. ఆయన 'ఈ రంధ్రం ఎంత లోతు బాబూ', 'ఇది ఎక్కడి నుంచి కొలవాలి' అని అడిగే ప్రతి ప్రశ్నా రాసుకుని రావాలి. డ్రాయింగ్ దిద్ది మళ్లీ వెళ్లాలి. ఏమీ అడక్కుండా ఆయన మెషిన్ ఆన్ చేసిన రోజు, ఆ డ్రాయింగూ ఆ ముక్కా రెండూ పట్టుకుని నాలుగో ఇంటర్వ్యూకి పంపండి.