కీమో ఆర్డర్లకు మామూలు మందుల చీటీ మాడ్యూల్ సరిపోతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాదులో ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేస్తున్నారు. మందుల చీటీ మాడ్యూల్ ఇప్పటికే నడుస్తోంది. క్యాన్సర్ విభాగం కోసం దానికే డోసు లెక్క ఒకటి తగిలిస్తే చాలని మీ మేనేజరు అంటున్నారు. గడువు మూడు నెలలు. సరిపోతుందా?

సరిపోదు. ఆరేళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే మొదలుపెట్టాను. మాదాపూర్‌లో కూర్చుని డోసు లెక్క రాసేసి, ముప్పాతిక వంతు పని అయిపోయిందని సంబరపడ్డాను. ఆ లెక్క నిజంగానే ఒక పూట పని. సెంటీమీటర్లలో ఎత్తును కిలోల్లో బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి ఉపరితల వైశాల్యం చదరపు మీటర్లలో వస్తుంది. 1987 నాటి మోస్టెల్లర్ సూత్రం ఇది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే ఏసీ రెజిమెన్‌లో (ఏ మందు, ఎంత, ఎన్నాళ్లకు ఒకసారి అన్న పట్టికే రెజిమెన్) డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు 60 మిల్లీగ్రాములు, సైక్లోఫాస్ఫమైడ్ 600; మామూలుగా 21 రోజులకు ఒకసారి, నాలుగు సైకిళ్లు, అంటే నాలుగు విడతలు. గుణిస్తే అయిపోతుంది, పదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

మిగిలిన పావు వంతుకు రెండేళ్లు పట్టింది. జ్వరానికి రాసే చీటీ డాక్టరు చేతిలోంచి వెళ్లాక ఇక మారదు. కీమో ఆర్డరు మాత్రం రాసిన రోజుకూ రోగికి మందు ఎక్కించే క్షణానికీ మధ్య మారుతూనే ఉంటుంది. మీరు తయారు చేయవలసింది ఆ మార్పుల్ని పట్టుకునే వస్తువును.

నాకు ఇది నేర్పినది మా ఆసుపత్రి ఫార్మసిస్టు. ఉద్యోగ విరమణకు దగ్గరలో ఉన్న మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉండేవి. నేను లాప్‌టాప్ తెరిచి స్క్రీన్లు చూపించబోతే ఆమె ఆపి, పాత కేస్ షీట్ల కట్ట ఒకటి నా ముందు పడేశారు. "రాసినవి తర్వాత చదువుదువుగాని అమ్మాయీ, ముందు కొట్టివేతలు చదువు" అన్నారు. ఆ మధ్యాహ్నమంతా అదే పని. ఒకచోట డోసు కొట్టేసి పక్కన "75 శాతం" అని ఉంది. ఒకచోట తేదీ మూడుసార్లు మారింది. ఒకచోట సిస్ప్లాటిన్ కొట్టేసి కార్బోప్లాటిన్ అని రాసి, కింద మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష అంకె వేసి చుట్టూ సున్నా చుట్టారు. అప్పటికి నా డిజైన్‌లో కొట్టివేతకు చోటే లేదు. ఉన్నది 'ఎడిట్' బటన్ ఒక్కటే. అది నొక్కితే పాతది మాయమై కొత్తది మిగులుతుంది, ఎందుకు మారిందో ఎక్కడా మిగలదు.

ఆ తర్వాత డే కేర్ వార్డులో రెండు వారాలు కూర్చున్నాను. మీరూ కూర్చోండి, మీ మేనేజరును ఒప్పించి అయినా సరే. నల్లగొండ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చేవారు తెల్లవారుజామునే ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, ఎనిమిదింటికల్లా రక్తం ఇచ్చేసి వరండాలో టిఫిన్ డబ్బా విప్పుతారు. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, రిపోర్టు వచ్చేసరికి పదకొండు. తెల్లకణాలలో న్యూట్రోఫిల్స్ 1500, ప్లేట్‌లెట్లు లక్ష దాటితే సాధారణంగా ముందుకు వెళతారు, లేకపోతే వాయిదా. డాక్టరు చూసి 'ఇవ్వవచ్చు' అన్నాకే ఫార్మసీలో మందు కలుపుతారు. ఒకసారి కలిపాక దాన్ని వెనక్కి తీసుకోలేరు, ఎక్కువసేపు నిలవ ఉంచలేరు, వేల రూపాయలు పారబోయాలి. అందుకే ఆర్డరు రాయడం, దాన్ని సరిచూడడం, ఈ రోజుకు అనుమతించడం, కలపడం, ఎక్కించడం అన్నీ వేర్వేరు మెట్లు. ప్రతి మెట్టు దగ్గరా ఎవరు, ఎన్ని గంటలకు అన్నది నిలవాలి. మా మొదటి వెర్షన్‌లో 'ఇవ్వవచ్చు' అనే మెట్టే లేదు. డాక్టరు సంతకం పడితే చాలు, ఫార్మసీ తెరమీదకు వెళ్లిపోయేది. మధ్యాహ్నం ఒక్క పది నిమిషాలు సర్వరు మొరాయిస్తే సాయంత్రం కొందరికి ఊరి ఆఖరి బస్సు తప్పిపోతుందని కూడా అక్కడే తెలిసింది. అప్పటిదాకా వేగం అంటే నాకు ఒక గ్రాఫు మాత్రమే.

ఇక నేను చేసిన తప్పులు. పెద్దవి రెండు.

మొదటిది బరువు. డాక్టర్లకు టైపింగ్ బాధ తప్పుతుందని, కొత్త సైకిల్ తెరవగానే పోయిన సైకిల్ ఎత్తు, బరువు వాటంతట అవే వచ్చి కూర్చునేలా పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక రోగి 152 సెంటీమీటర్ల మనిషి, మొదటి సైకిల్‌లో 58 కిలోలు. నాలుగోసారి వచ్చేసరికి 49కి దిగిపోయింది. తిండి సయించక ఆమె చిక్కిపోయింది, మా తెరమీద మాత్రం 58 అలాగే ఉంది. పాత బరువుతో డాక్సోరుబిసిన్ 94 మిల్లీగ్రాములు, కొత్త బరువుతో 86. ఫార్మసిస్టు ఆ రోగి గాజులు మోచేతి దాకా జారడం చూసి, "ఒక్కసారి ఇలా రామ్మా" అని మళ్లీ తూకం ఎక్కించారు. చెప్పులు విప్పించి, శాలువా, చేతిసంచీ పక్కన పెట్టించి మరీ. ఫార్మసిస్టు నుంచి నాకు ఫోను వచ్చింది. అరవలేదు, అరిచి ఉంటే కాస్త తేలికగా ఉండేది. ఆ సాయంత్రమే ఆ ఆటో నింపుడు తీసేశాను. ఇప్పుడు బరువు గడి ప్రతిసారీ ఖాళీగానే తెరుచుకుంటుంది, పాత బరువు పక్కన బూడిద రంగులో కనిపిస్తుంది, తేడా ఆసుపత్రి పెట్టుకున్న హద్దు దాటితే ఆర్డరు ఆగుతుంది. గడులు తారుమారైతే కూడా పట్టుకోవాలి: ఎత్తు గడిలో 49, బరువు గడిలో 152 పడ్డా మోస్టెల్లర్ సూత్రం అదే జవాబు ఇస్తుంది, గుణకారం కదా. కిలోల మీద లెక్కకట్టే మందు వచ్చినప్పుడు ఆ తారుమారు బయటపడుతుంది, ఆలస్యంగా.

రెండోది తేదీలు. జెమ్‌సిటబిన్, సిస్ప్లాటిన్ కలిపి ఇచ్చే రెజిమెన్‌లో మొదటి రోజు రెండూ ఇచ్చి, ఎనిమిదో రోజు జెమ్‌సిటబిన్ ఒక్కటే ఇస్తారు. ఆర్డరు రాయగానే రెండు తేదీలూ లెక్కకట్టి దాచేశాను. ఒకాయనకు కౌంట్స్ తక్కువై మొదటి రోజే వారం వాయిదా పడింది. మొదటి రోజు తేదీ ముందుకు జరిగింది, ఎనిమిదో రోజు మాత్రం పాత తేదీకే అతుక్కుపోయి ఉండిపోయింది. ఆ తేదీన వార్డు జాబితాలో మొదటి రోజు, ఎనిమిదో రోజు రెండూ ఒకే మనిషి పేరు మీద కనబడ్డాయి. సిస్టర్ చూసి నవ్వారు, "మీ కంప్యూటరుకు తొందర ఎక్కువండీ" అని. నాకు మాత్రం చెమటలు పట్టాయి. తేదీలు దాచకండి. 'మొదటి రోజు నిజంగా ఎక్కించిన నాటి నుంచి ఏడు రోజులకు' అనే దూరాన్ని దాచండి, తేదీ అప్పటికప్పుడు లెక్కకు రావాలి. వాయిదా, రద్దు అనేవి కూడా రెండు వేరే పనులు. ఎనిమిదో రోజు కౌంట్స్ తక్కువైతే కొన్నిసార్లు ఆ డోసు వదిలేస్తారు, కొన్నిసార్లు జరుపుతారు. ఏది చేయాలో డాక్టరు చెప్పాలి, మీ కోడు ఊహించకూడదు.

కార్బోప్లాటిన్ గురించి విడిగా చెప్పాలి, అది చదరపు మీటర్ల లెక్కకు లొంగదు. 1989 నాటి కాల్వర్ట్ సూత్రం ప్రకారం, మూత్రపిండాల వడపోత వేగానికి 25 కలిపి, వచ్చినదాన్ని కోరుకున్న ఏయూసీ అంకెతో (ఒంటికి మొత్తం మీద ఎంత మందు తగలాలో చెప్పే కొలత) గుణించాలి. ఆ వేగాన్ని చాలాచోట్ల వయసు, బరువు, క్రియాటినిన్ నుంచి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో అంచనా వేస్తారు. 50 ఏళ్లు, 50 కిలోల స్త్రీ, క్రియాటినిన్ 0.4 అనుకుందాం. ఏయూసీ 5కు డోసు సుమారు 789 మిల్లీగ్రాములు. ఈసారి ల్యాబు 0.3 అని ఇస్తే? 1010. ఆమె మూత్రపిండాలు రాత్రికి రాత్రి బాగుపడలేదు, కండ కరిగి క్రియాటినిన్ తగ్గింది, అంతే. అందుకే 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వడపోత వేగాన్ని 125 దగ్గర కట్టేయమంది. అలా కట్టేస్తే ఏయూసీ 5కు 750 దాటదు. ఇందులో వయసు కూడా ఉందని గమనించారా? మన దగ్గర ఎందరో పెద్దవాళ్ల ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. అడిగితే "యాభై ఉంటాయేమో అమ్మా" అంటారు. ఆ 'ఏమో' కూడా డోసులో భాగమవుతుంది.

ఇంకొకటి: ఖాళీ గడికి, సున్నాకు, 'తెలియదు'కు తేడా. డాక్సోరుబిసిన్ గుండెను దెబ్బతీస్తుంది, అందుకే జీవితకాలం మొత్తానికి చదరపు మీటరుకు 450 నుంచి 550 మిల్లీగ్రాముల హద్దు పెట్టుకుంటారు. మా సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఇచ్చినదంతా కూడి చూపించేది. కానీ రోగి పాలిథిన్ కవరులో వేరే ఊరి ఆసుపత్రి కాగితాలు తెస్తే? తేకపోతే? బయట తీసుకున్న డోసుకు ఒక గడి పెట్టాం. మొదట్లో దాన్ని ఖాళీగా వదిలితే సున్నా అనుకునేలా రాశాను, అంతకంటే ప్రమాదకరమైన దయ మరొకటి లేదు. ఇప్పుడు 'తీసుకోలేదు', 'ఇంత తీసుకున్నారు', 'తెలియదు' అనే మూడింటిలో ఒకటి ఎంచుకోనిదే ఆర్డరు కదలదు.

లోకంలో జరిగిన రెండు సంఘటనలు చదివి పెట్టుకోండి. 1994లో బోస్టన్‌లో, బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్యం గురించి రాసే బెట్సీ లేమన్‌కు నాలుగు రోజులకు కలిపి ఇవ్వవలసిన సైక్లోఫాస్ఫమైడ్ మొత్తాన్ని రోజుకొకసారి చొప్పున నాలుగు రోజులూ ఇచ్చారు. ఆమె చనిపోయారు. పొరపాటు నెలల తర్వాత రికార్డులు సరిచూస్తుండగా బయటపడింది. 2006లో కెనడాలోని ఎడ్మంటన్‌లో, నాలుగు రోజుల పాటు పంపు ద్వారా నెమ్మదిగా వెళ్లవలసిన ఫ్లోరోయురాసిల్ నాలుగు గంటల్లో వెళ్లిపోయింది. గంటకు 1.2 మిల్లీలీటర్లు పెట్టవలసిన చోట 28.8 పెట్టారు. అది రోజంతటికీ వెళ్లవలసిన పరిమాణం, 24తో భాగించడం మరిచారు. లేబుల్ మీద రెండు అంకెలూ ఉన్నాయి. నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాను. ఆర్డరు తెరమీద 'రోజుకు ఇంత, సైకిల్ మొత్తానికి ఇంత' అని రెండూ ఉండి తీరాలి. సంచి మీద అంటించే లేబుల్‌లో మాత్రం పంపులో నొక్కవలసిన అంకె ఒక్కటే ఉండాలి. డాక్టరుకు మేలు చేసే వివరం సిస్టర్‌కు ఉచ్చు కావచ్చు. ఒకే టెంప్లేటుతో రెండూ ముద్రించకండి.

హెచ్చరికల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. మొదట ఎడాపెడా పెట్టాం, ప్రతిదానికీ ఎర్ర పెట్టె. నెల తిరక్కుండానే అందరి వేలూ 'సరే' మీదకు దానంతట అదే పోవడం మొదలైంది. కారణం రాయమని గడి పెడితే అందులో చుక్కలు పెట్టారు, ఒక డాక్టరుగారు వరుసగా పదిసార్లు చుక్క పెట్టారు. తప్పు ఆయనది కాదు. చాలావాటిని తీసేసి, దాటడానికి వీల్లేని కొన్నింటిని మాత్రం ఉంచాం. వాటిలో మొదటిది విన్‌క్రిస్టిన్. దాన్ని రక్తనాళంలోకే ఇవ్వాలి, వెన్నులోకి వెళితే ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది. మా సాఫ్ట్‌వేర్‌లో ఆ మందుకు వెన్ను మార్గం జాబితాలోనే కనిపించదు, సిరంజి లేబుల్ అసలు ముద్రణ కాదు. హెచ్చరించడం కన్నా ఆ దారి లేకుండా చేయడం నయం.

ఫార్మసీలో రెండో లెక్క కూడా ఆలోచించి పెట్టండి. మొదట డాక్టరు డోసు చూపించి పక్కన 'సరిచూశాను' అని టిక్కు పెట్టమనేవాళ్లం. జవాబు ముందే కనబడితే లెక్క ఎవరు చేస్తారు? ఇప్పుడు ఫార్మసిస్టు తన అంకె టైపు చేసేదాకా డాక్టరు అంకె తెరమీద రాదు. మొదట్లో విసుక్కున్నారు, ఇప్పుడు తీసేస్తానంటే ఒప్పుకోరు.

వయల్ (మందు సీసా) సైజులకు తగ్గట్టు డోసు కాస్త సర్దడం, ఆరోగ్యశ్రీ అనుమతి నంబరు, కరెంటు పోయినప్పుడు చూసుకోవడానికి పొద్దున్నే తీసే ప్రింటు లాంటివి మీరు ఎలాగూ చేస్తారు. సర్దడానికి హద్దు 5 శాతమా 10 శాతమా అన్నది మాత్రం డాక్టర్ల కమిటీ చేత కాగితం మీద రాయించుకోండి, మీరు నిర్ణయించకండి.

ఇక మూడు నెలల సంగతి. అందులో ఏసీ ఒక్కటి పూర్తిగా చేయవచ్చు: రాయడం నుంచి ఎక్కించడం దాకా, వాయిదాలతో, కొట్టివేతలతో సహా. పూర్తయిన పాత కేస్ షీట్లు తెచ్చుకుని, వాటిలోని ప్రతి సైకిల్‌నూ మీ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ నడిపి చూడండి. తేడా వచ్చిన ప్రతిచోటా ఫార్మసిస్టును అడగండి. సగంసార్లు తప్పు మీదవుతుంది. తర్వాత వారం వారం ఇచ్చే పాక్లిటాక్సెల్, ఆ తర్వాత కార్బోప్లాటిన్ ఉన్నవి. పెద్ద డోసు మెథోట్రెక్సేట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అందులో రక్తంలో మందు ఎంత మిగిలిందో చూసుకుంటూ, దాని విరుగుడుగా ఇచ్చే ల్యూకోవోరిన్ డోసును, అది ఎన్ని గంటలకు ఒకసారి ఇవ్వాలో మారుస్తూ పోవాలి. మేం దాన్ని ఇప్పటికీ కాగితం మీదే రాస్తున్నాం.