మా ఊరి గుడి దగ్గర పాత శాసనం రాయి ఉంది. స్థానిక చరిత్ర సంఘం వాళ్ళు వస్తే ఏం చేస్తారు? అని ఒకరు అడిగారు.

ముందు ఆ శాసనం ఇప్పటికే అచ్చయిందో లేదో చూస్తారు. ఉదాహరణకు, బటర్‌వర్త్, వేణుగోపాలచెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా వేశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోవే. అందుకే ఆ ప్రాంతాల వాళ్ళు కూడా అందులోనే వెతకాలి. తాలూకా, ఊరి పేర్లతో దొరుకుతాయి.

తర్వాత నకలు తీస్తారు. రాయిని నీళ్ళు, మెత్తటి బ్రష్షుతో కడిగి, తడి కాగితం పరిచి, అక్షరాల గుంతల్లోకి దిగేదాకా బ్రష్షుతో తడతారు. కాస్త ఆరాక పైన మసి సిరా అద్దితే అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. రాయి అరిగినా, పగిలినా ఆ కాగితం మిగులుతుంది. చదవడం కష్టమైతే మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసనాల విభాగానికి పంపవచ్చు.

నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన పని ఊరివాళ్ళతో మాట్లాడటం. రాయి కింద నిధి ఉందన్న పుకారుతో తవ్వి పడేసిన శాసనాలు ఎన్నో. అందులో ఉన్నది గుడి దీపానికి ఇచ్చిన గొర్రెల లెక్కో, చెరువు కింద మాన్యం హద్దుల వివరమో అని చదివి వినిపిస్తే, ఆ రాయిని జనమే కాపాడతారు.

వాళ్ళు వచ్చేలోపు మీరు దయచేసి రాయికి సున్నం, పెయింటు వేయనివ్వకండి. పక్కనుంచి వెలుతురు పడే పొద్దున పూట ఫొటోలు తీసి ఉంచండి.