స్టింగింగ్ నెటిల్ ఆకు తింటే రక్తం పడుతుందా?

ప్రశ్న: మా పెంటకుప్ప పక్కన స్టింగింగ్ నెటిల్ ఏపుగా పెరిగింది. తాకితే ఒకటే మంట. దీన్ని ఆకుకూరగా వండుకుంటే రక్తం పడుతుందంటున్నారు. నిజమేనా? కోళ్లకు, పశువులకు పెట్టవచ్చా?

జవాబు: తినవచ్చు. కానీ ఆ పెంటకుప్ప దగ్గరిది కోయకండి. నత్రజని దండిగా ఉన్న నేల ఈ మొక్కకు ఇష్టం. అలాంటి చోట ఆకుల్లో, ఎక్కువైతే ఒంటికి హాని చేసే నైట్రేట్లు పేరుకుంటాయి. ఎండబెడితే మంట పోతుంది గానీ నైట్రేట్లు పోవు కనుక అది పశువులకూ వద్దు. కలుపు మందు పడిన గట్ల మీది ఆకు కూడా పనికిరాదు. మంట పెట్టే మొక్కలు ఇంకా చాలా ఉన్నాయి, అవన్నీ తినేవి కావు. కాబట్టి తెలిసినవారికి చూపించి, నెటిలేనని నిర్ధారించుకున్నాకే వండండి.

ఇక రక్తం మాట. ఉడికించిన 100 గ్రాముల ఆకులో ఇనుము సుమారు 1.6 మిల్లీగ్రాములే. స్త్రీలకు రోజూ కావలసిన దానిలో ఇది పదో వంతు కూడా కాదు. పైగా ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది. నిమ్మరసం పిండుకుంటే కొంత నయం. రక్తహీనతకు డాక్టరు రాసిన మాత్రలు మాత్రం దీన్ని నమ్ముకుని మానకండి. ఈ ఆకు అసలు బలం కాల్షియం. అదే 100 గ్రాముల్లో దాదాపు 480 మిల్లీగ్రాములు, అంటే పెద్దవారికి రోజుకు కావలసిన దానిలో ఇంచుమించు సగం. పీచు 7 గ్రాముల దాకా ఉంటుంది. మాంసకృత్తులు దండిగా ఉంటాయన్న ప్రచారం ఎండుటాకు లెక్క. ఉడికిన ఆకులో 3 గ్రాములు కూడా ఉండవు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే విటమిన్ కె దాదాపు 500 మైక్రోగ్రాములు. అందువల్ల రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు డాక్టరును అడగకుండా తినకూడదు.

పూత రాకముందు, చేతులకు మందపాటి తొడుగులు వేసుకుని లేత చిగుళ్లే కోయండి. ముదురు ఆకుల్లోని కాల్షియం కార్బనేట్ రేణువులు మూత్రనాళాలను ఇబ్బంది పెట్టవచ్చు. ఆకు మీది నూగుకు సిలికా మొనలుంటాయి. అవి చర్మంలో విరిగి హిస్టమిన్ వంటి రసాయనాలను వదలడం వల్లే ఆ మంట. మరిగే నీటిలో రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు, ఇక ఏ ఆకుకూరలాగైనా వండుకోవచ్చు.

పచ్చి మొక్కకు పశువులు సాధారణంగా మూతి పెట్టవు. కోసి వాడ్చి, మామూలు మేతలో కొద్దికొద్దిగా కలిపి అలవాటు చేయండి. కోళ్ల దాణాలో ఎండుటాకు పొడి కొంచెం కలిపితే, దానిలోని కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల పచ్చసొన రంగు ముదురుతుంది. గుడ్ల సంఖ్య పెరుగుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.